మొక్కల్లో లైంగిక క్రోమోజోములు: పాఠ్యపుస్తక వివరణపై విమర్శనాత్మక పరిశీలన

మొక్కల్లో లింగ నిర్ధారణ అనగానే మన పాఠ్యపుస్తకాలు మెలాండ్రియంను ఉదాహరణగా ఇస్తాయి. 1923లో బ్లాక్‌బర్న్, వింగే ఆ మొక్కలో ఎక్స్, వై క్రోమోజోములను గుర్తించిన మాట నిజమే. కాని మీలో ఎంతమంది మెలాండ్రియంను చూశారు? నేను కూడా దాన్ని చూడకుండానే ఏళ్ల తరబడి బోధించాను. దొండపాదు మాత్రం మన పెరట్లోనే ఉంది. దానిలో 24 క్రోమోజోములు. మగ మొక్కలో 22 సాధారణ క్రోమోజోములు, ఒక ఎక్స్, ఒక వై. వాటన్నిటిలో పెద్దది వై! మానవుని చూసి "వై అంటే చిన్నది" అని కంఠస్థం చేసినవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. బొప్పాయిలోనైతే ఎక్స్, వై సూక్ష్మదర్శినిలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి.

ఈ క్రోమోజోములు ఎలా ఏర్పడ్డాయి? 1978లో చార్లెస్‌వర్త్ దంపతులు ప్రతిపాదించిన నమూనాను మీరు చదివే ఉంటారు. ఉభయలింగ మొక్కల్లో ముందు ఒక ఉత్పరివర్తన పుప్పొడిని వంధ్యం చేస్తుంది. స్త్రీ మొక్కలు వస్తాయి. తరువాత మరొకటి స్త్రీ భాగాలను అణచివేస్తుంది. పురుష మొక్కలు వస్తాయి. ఈ రెండు జన్యువుల మధ్య పునఃసంయోజనం జరిగితే రెండు లోపాలూ ఉన్న వంధ్య మొక్కలు పుడతాయి. అందువల్ల ఆ ప్రాంతంలో పునఃసంయోజనం ఆగిపోవడం వరణంలో నెగ్గుతుంది. అలా ఆగిన భాగమే వైకి నాంది. 2004లో బొప్పాయిలో బయటపడిన చిన్న పురుష ప్రాంతం ఈ ఊహకు బాగా సరిపోయింది. రెండు వైలు కలిసిన బొప్పాయి పిండం బతకదు. అంటే ఆ చిన్న ప్రాంతం కూడా అప్పటికే కొంత క్షీణించింది.

నా అభ్యంతరం నమూనాపై కాదు, దాన్ని అన్ని మొక్కలకూ వర్తింపజేయడంపై. శేషాచలం కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమైని తీసుకోండి. మన ప్రాంతంలో దీన్ని పేరిత అంటారు. ఇది వివృతబీజం, దీనికి పుష్పమే లేదు. నేడు జీవించి ఉన్న సైకడ్లన్నీ ఆడ, మగ వేరువేరు మొక్కలే. కాబట్టి ఉభయలింగ దశకు సాక్ష్యం చెప్పే బంధువు ఈ వంశంలో ఒక్కటీ మిగలలేదు. 2022లో చైనాకు చెందిన ఒక సైకస్ జీనోమును పరిశీలించినప్పుడు, మగ మొక్కల్లో మాత్రమే ఉండే మాడ్స్ కుటుంబపు జన్యువు ఒకటి కనిపించింది. రెండు మెట్ల కథ ఇక్కడా జరిగిందని చెప్పడానికి అది చాలదు.

ఇది పరీక్షకు మాత్రమే పరిమితమైన చర్చ కాదు. బొప్పాయి రైతు గుంతకు రెండు మూడు మొక్కలు నాటి, పూత వచ్చాక ఎక్కువైన పోతు చెట్లను తీసివేస్తాడు. పేరితతో అలా కుదరదు. అది నిదానంగా పెరుగుతుంది. శంకువు వచ్చేదాకా మగదో ఆడదో తెలియదు. పైగా మందుల కోసం మగ శంకువులనే కోసుకుపోతారు. పుప్పొడి లేకపోతే ఆడ చెట్టుకు విత్తనం రాదు. అంతర్జాతీయ వ్యాపార ఒప్పందమైన సైటిస్ మొదటి అనుబంధంలో ఈ జాతి ఉన్నా, నర్సరీలో నారు పెంచేవాడికి తన దగ్గర మగ మొక్కలెన్నో తెలియదు. చైనా సైకస్‌లో దొరికిన గుర్తు దీనిలోనూ పనిచేస్తుందా అన్నది లేత ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి, లింగం తెలిసిన చెట్లతో సరిచూసి తేల్చవలసిన విషయం.