ట్రిపుల్ జంప్: నడిమి అంగ

ట్రిపుల్ జంప్ చూడవచ్చిన జనుల దృష్టి సాధారణముగా ఇసుకగుంట మీదనే యుండును. దుమికినవాడు ఎచ్చట పడెను, కొలత యెంత వచ్చెను అనునంతవరకే వారి కుతూహలము. ఆ విద్య నెరిగిన గురువు మాత్రము, పరుగెత్తి వచ్చి కాలూని లేచెడి బల్లకును గుంటకును నడుమ, ఒంటికాలి గెంతు ముగిసి అంగ మొదలగు తావుననే కన్నులు నిలిపి, శిష్యుని పాదము అచ్చట ఎట్లు వ్రాలినదో చూచి, ఇసుకలో పడకమునుపే ఫలితమును గ్రహించుచుండును.

బల్లనుండి ఏ కాలితో లేచెనో ఆ కాలిమీదనే వ్రాలుట ఒంటికాలి గెంతు. దానిచే లేచి రెండవ కాలిమీద వ్రాలుట అంగ. ఆ రెండవ కాలితో లేచి ఇసుకలో పడుట దూకు. తొక్కుడుబిళ్ళ యాడిన బాలికలకు మొదటిది చిన్ననాటనే తెలియును. 1995 ఆగస్టు 7వ తేదీన స్వీడనులోని గోథెన్‌బర్గ్ నగరమున ఆంగ్లేయుడైన జోనథన్ ఎడ్వర్డ్స్ 18.29 మీటర్లు దూకి నెలకొల్పిన ప్రపంచ రికార్డును విడదీసి చూచినచో, గెంతునకు 6.05, అంగకు 5.22, దూకునకు 7.02 మీటర్లు వచ్చినవి. శిక్షణ లేని బాలుని దుముకును ఇట్లే కొలిచి చూడుడు: గెంతు ఆకాశమునంటును, అంగ కుంచించుకొనిపోయి వట్టి యడుగుగా మిగులును, దూకునకు వేగమే యుండదు.

దీనికి కారణము దుర్గ్రాహ్యము కాదు. గెంతునందు ఎంత యెత్తు లేచిన అంత బరువుతో క్రిందికి రావలెను. శరీరభారమునకు పదిరెట్లు మించిన తాకిడిని ఒక్క కాలు, సెకనులో ఐదవ వంతైనను నిండని కాలములో, భరించుటయే గాక తిరిగి పైకి చిమ్మవలెను. ఆ తాకిడికి మోకాలు క్రుంగెనా, పరుగున సంపాదించిన వేగమెల్ల అచ్చటనే నేలపాలగును. కావున బలిష్ఠుడైన బాలునకు గురువు మొట్టమొదట నేర్పవలసినది నిగ్రహము. లాంగ్ జంప్ అలవడినవాడు బల్ల కనబడగనే సర్వశక్తిని దానిమీదనే వెచ్చించును. వానికి బల్లమీదుగా పరుగెత్తిపోవుచున్నట్లే గెంతుటను, శక్తిని మూడింటికి పంచుకొనుటను అలవరచుటకు నెలలు పట్టును.

పాదము వ్రాలు తీరు రెండవ పాఠము. కాలిని ముందునకు చాచి మడమతో నేలను పొడిచినచో అది వేగమునకు అడ్డుకట్టయే యగును. తొడను ఎత్తి పట్టి, నేల సమీపించుచుండగా కాలిని వెనుకకు లాగుచు, పాదమంతయు ఇంచుమించు ఒక్కమారే తాకునట్లు దించవలెను. ఇది మాటలలో చెప్పిన తెలియునది కాదు. పచ్చికమీద నెమ్మదిగా, వేలకొలది పర్యాయములు చేసిననే కాలికి పట్టుబడును.

ఇచ్చట రెండు సంప్రదాయములు కలవు. 1960లో పోలండు దేశపు ఓల్స్టిన్‌లో 17.03 మీటర్లు దూకి, పదునేడు మీటర్ల హద్దును తొలిసారి దాటిన జోజెఫ్ ష్మిత్ తక్కువ యెత్తున, వేగమును నమ్ముకొని సాగెడివాడు. సోవియట్ వీరులు కాలిబలమును నమ్మి గెంతును ఎత్తుగా వేసెడివారు. ఏండ్లతరబడి బలసాధన చేసినవారికి తప్ప రెండవ పద్ధతి తగదనియు, మన పాఠశాలల పిల్లలకు పోలండువారి మార్గమే క్షేమకరమనియు నా యభిప్రాయము.

ఆ బలసాధనకు శాస్త్రరూపము నిచ్చినవారిలో మాస్కోకు చెందిన యూరి వెర్ఖోషాన్స్కీ ముఖ్యుడు. 1950వ దశకపు చివర ట్రిపుల్ జంప్ వారికి శిక్షణ నిచ్చుచు, నేల తాకు క్షణమున కాలిపై బడు భారమును గమనించి, ఎత్తైన పెట్టెమీదనుండి క్రిందికి దిగి తాకినవెంటనే పైకెగురు సాధనను ఆయన రూపొందించెను. లోకమంతయు ఆ పెట్టెను మాత్రము గైకొని, దానికి ముందు చేయవలసినదానిని మరచిపోయినది! చిన్న గెంతులతోను, బరువులెత్తుటతోను కండరములను, నరములను చాలకాలము సిద్ధపరచిన పిమ్మటనే అది తగునని ఆయనయే నొక్కి చెప్పియున్నాడు. సుఖుమి నగరవాసి విక్టర్ సనెయెవ్ 1968, 1972, 1976 ఒలింపిక్సులలో వరుసగా స్వర్ణములు గెలిచి, 1980లో ముప్పదినాలుగేండ్ల వయస్సున రజతము నందుకొనుట, క్రమముగా పెంచిన దేహము ఎంతకాలము నిలుచునో తెలుపుచున్నది.

జాపానీయులు 1928, 1932, 1936 ఒలింపిక్సులు మూడింటను ఈ పోటీని గెలిచిరి. ఆసియావారి దేహము దీనికి చాలదను మాట నాడే వ్యర్థమైనది.

మన దేశమున పందొమ్మిదేండ్ల హెన్రీ రెబెల్లో కథ శిక్షకులందరు తెలిసికొనదగినది. లండనుకు పోవుటకు మునుపే 15.29 మీటర్లు దూకిన యాతడు 1948 ఒలింపిక్సు ఫైనలునకు చేరెను. తన వంతునకు సిద్ధమైనవేళ బహుమాన ప్రదానము జరుగుచున్నదని అధికారి ఆపెను. చలిలో నిలిచియుండగా ఒడలు చల్లబడెను. పిలుపు రాగానే పరుగెత్తి లేచినంతనే తొడ వెనుకటి కండరము తెగెను. ఆ స్వర్ణము స్వీడన్ దేశీయుడు ఓమన్‌కు 15.40 మీటర్లకే దక్కినది. ఆ రెండు కొలతలకు నడుమ భేదము అరజానెడు మాత్రమే. పరుగుదారిమీద కాచుకొనియున్నంతసేపు ఒడలి వేడిమిని నిలుపుకొనుటయు శిక్షణలో భాగమే.

2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో కేరళీయులైన ఎల్దోస్ పాల్ 17.03, అబ్దుల్లా అబూబకర్ 17.02 మీటర్లు దూకి స్వర్ణ రజతములను తెచ్చిరి. ష్మిత్ నాటి కొలతయే మరల కనబడుట విచిత్రము.

తెలుగు పల్లెల డ్రిల్లు మాస్టర్లకు నా మనవి యొక్కటే. మొదటి సంవత్సరము పిల్లలకు టేపు చూపకుడు. మెత్తని పచ్చికను, లోతుగా త్రవ్వి మెత్తపరచిన ఇసుకగుంటను చూపుడు. సిమెంటు గచ్చుమీద గెంతులు వేయింపకుడు. ఎవని అంగ తక్కిన రెంటితో సమముగా సాగుచున్నదో వానినే ముందుగా మెచ్చుకొనుడు.