పలక కంటే ముందు

మధ్యాహ్నం పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చే తల్లులు అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడి అడిగే మాట దాదాపు ఒక్కటే: "టీచరమ్మా, ఇవాళ మావాడేం రాశాడు?" ఏమీ రాయలేదంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. మూడున్నరేళ్ళ పిల్లాణ్ణి కాపీలు రాయించే కాన్వెంటుకి మార్చేసేదీ ఇందుకే. ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది, తాము చదువుకోలేకపోయామన్న బాధ అందులో ఉంది. కానీ ఆ వయసు చదువు పలకమీద కనపడదు.

నేను తరచూ వెళ్ళే కేంద్రంలో టీచరు చాపమీద చింతపిక్కలు, గవ్వలు కలిపి పోస్తుంది. ఎవరూ నోట్లో పెట్టుకోకుండా ఆయా పక్కనే కూర్చుంటుంది. పిల్లలు వేటికవి ఏరాలి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పిక్కని పట్టుకునే ఆ పట్టే రేపు బలపానికి కావాలి. మొన్న ఒక బాబూ పాపా ఎదురెదురుగా కూర్చుని పిక్కల్ని వరసలు పేర్చారు. ఇద్దరివీ ఆరే. వాడు తన వరసని కాస్త ఎడంగా జరిపి "నావే ఎక్కువ" అన్నాడు. పాప ఏడుపు మొహంతో ఒప్పేసుకుంది. ఈ వయసువాళ్ళు వరస పొడవు చూసి లెక్క తేలుస్తారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే ఏనాడో గమనించాడు. టీచరు తప్పని అనలేదు. "ఏదీ, దగ్గరికి జరపండి, చూద్దాం" అంది. జరిపారు, చూశారు, మళ్ళీ ఎడం చేశారు. చాలాసేపు అదే పని. కాసేపటికి పాప "కాదు, నావీ అన్నే!" అని వాదనకి దిగింది. లెక్కా, మాటా రెండూ అక్కడే వస్తున్నాయి.

ఇదేం కొత్త సంగతి కాదు. 1945లో అరేబియా సముద్రతీరాన బోర్డీలో విద్యావేత్తలు తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ ఈ పనే మొదలుపెట్టారు. ఖరీదైన సామగ్రి జోలికి పోకుండా గింజలు, ఆకులు, గవ్వలతోనే నేర్పించారు. బడికి రాలేని పిల్లల ముంగిట్లోకే బడిని తీసుకెళ్ళారు. దేశంలో అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైంది ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకి, 1975 అక్టోబరు 2న, 33 బ్లాకుల్లో.

ఇప్పుడు గుడ్డు అందిందా, పాలు అందాయా అని అడుగుతున్నాం, అడగాల్సిందే. పిల్లలు ఏం ఆడారని మాత్రం ఎవరూ అడగరు. హాజరు, బరువులు, ఫొటోలు పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించడానికే టీచరుకి ఎంతో సమయం పోతోంది. పైగా సర్వేలు. అధికారులకి నా విన్నపం: పిల్లలు కేంద్రంలో ఉన్న పొద్దుటి రెండు గంటలు ఆమెకి ఫోన్ చెయ్యకండి, రిపోర్టు అడగకండి, సర్వేకి పంపకండి.