ఆ ఇంటి కింద నేల ఎవరిది?

పిల్లలతో కొత్త చోట ఇల్లు కట్టుకోవడం గురించి ‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ’ కంటే బాగా రాసిన పుస్తకం నేనింతవరకూ చదవలేదు. లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన ఈ నవల 1935లో వచ్చింది. కథగా చెప్పమంటే నాలుగు ముక్కల్లో అయిపోతుంది. అమ్మ, నాన్న, ముగ్గురు ఆడపిల్లలు, ఒక కుక్క విస్కాన్సిన్ అడవుల నుంచి గుర్రబ్బండిలో బయల్దేరి కాన్సాస్ గడ్డిమైదానానికి వస్తారు. ఒక చోట బండి ఆపి, ఇల్లు కట్టుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ ఇల్లు వదిలేసి వెళ్ళిపోతారు. అంతే. అయినా చదువుతుంటే పుస్తకం పక్కన పెట్టబుద్ధి కాదు.

ఎందుకంటే ఆ ఇల్లు మన కళ్ళముందే లేస్తుంది. నాన్న వాగు ఒడ్డున చెట్లు కొట్టి దుంగలు తెస్తాడు. గోడలు లేపుతుంటే ఒక దుంగ జారి అమ్మ పాదం మీద పడుతుంది. ఎడ్వర్డ్స్ అనే పొరుగాయన సాయానికి వస్తాడు. మొదట్లో పైకప్పు అంటే బండి మీది కాన్వాసు గుడ్డ, తలుపు అంటే వేలాడదీసిన దుప్పటి. ఒక రాత్రి తోడేళ్ళ గుంపు వచ్చి ఇంటి చుట్టూ కూర్చుంటుంది. వాటికీ పిల్లలకీ మధ్య ఉన్నది ఆ దుప్పటే. అందుకే ఆ తర్వాత నాన్న తలుపు చేస్తుంటే మనకి అది వడ్రంగం పనిలా అనిపించదు. ఒక్క ఇనుప మేకు లేకుండా చెక్క మేకులతో బిగించిన తలుపు, దానికో చెక్క గడియ, గడియకో తాడు. తాడు బయటికి వేలాడితే ఎవరైనా లాగి లోపలికి రావచ్చు. రాత్రి లోపలికి లాగేసుకుంటే ఎవరూ రాలేరు. నేను ఆఫీసులో రోజూ చదివే టెక్నికల్ డాక్యుమెంట్లు ఇందులో సగం స్పష్టంగా ఉన్నా మా టీమ్‌లో చాలా మీటింగులు తప్పేవి.

వైల్డర్ పద్ధతి ఇదే. ఇంటికి ఏది లేదో ముందు పిల్లకి అనుభవంలోకి వస్తుంది, ఆ తర్వాతే అది ఇంటికి చేరుతుంది. భయం తర్వాత తలుపు. ఆరుబయట వంట తర్వాత పొయ్యి. మట్టినేల తర్వాత చెక్కల నేల. పొయ్యి పైన చిన్న అరచెక్క బిగించాక, అమ్మ ఎక్కడెక్కడి నుంచో భద్రంగా మోసుకొచ్చిన పింగాణీ బొమ్మని దాని మీద పెడుతుంది. మనం పాలు పొంగించినట్టే అది. దాంతో అప్పటిదాకా గోడలూ కప్పూగా ఉన్నది ఇల్లవుతుంది.

ఈ పుస్తకంలో నన్ను వదలని చిన్న విషయం ఒకటుంది. పైకప్పు వేయడానికి మేకులు కావాలి. నాన్న దగ్గర లేవు. ఎడ్వర్డ్స్ తన దగ్గరున్నవి ఇస్తాడు. ఎంత మంచివాడైనా పొరుగువాడికి రుణపడటం అమ్మకి ఇష్టం ఉండదు. నాన్నదీ అదే మాట. ఊరెళ్ళగానే కొనుక్కొచ్చి ఒక్కటి కూడా తగ్గకుండా ఇచ్చేస్తానంటాడు. కప్పు మీద ఒక్కో దెబ్బా జాగ్రత్తగా వేస్తాడు. ఎగిరి గడ్డిలో పడ్డ మేకు దొరికేదాకా వెతుకుతారు. అప్పు తెచ్చిన మేకుల్ని లెక్కపెట్టుకునేంత నిజాయితీ ఉన్న మనుషులు వీళ్ళు.

మరి ఆ ఇంటి కింద ఉన్న నేల?

ఇంగల్స్ కుటుంబం నిజంగానే 1869 నుంచి 1871 దాకా కాన్సాస్‌లో ఇండిపెండెన్స్ అనే ఊరికి సుమారు 13 మైళ్ళ దూరంలో ఉంది. నవలలో ఆ దూరం 40 మైళ్ళయింది. అప్పటికి లారా రెండు మూడేళ్ళ పిల్ల, నవలలో పెద్దది. చెల్లెలు క్యారీ అక్కడే, 1870 ఆగస్టులో పుట్టింది. నవలలో మొదటి పేజీల నుంచీ బండిలోనే ఉంటుంది. ఇవన్నీ నవలా రచయిత్రిగా ఆమె తీసుకున్న స్వేచ్ఛలు, వాటితో నాకు పేచీ లేదు. కానీ వాళ్ళు దిగిన నేల ఓసేజ్ జాతివారి రిజర్వు. అమెరికా ప్రభుత్వం ఒప్పందం మీద సంతకం పెట్టి వాళ్ళది అని ఒప్పుకున్న భూమి. అక్కడ ఇల్లు కట్టుకునే హక్కు ఏ వలసదారుడికీ లేదు. అయినా వందల కుటుంబాలు వచ్చి పాతుకుపోయాయి. 1870 జూలైలో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసింది: ఓసేజ్‌లు ఇప్పటి ఓక్లహోమా వైపు వెళ్ళిపోవాలి, వాళ్ళ నేల ఎకరా 1.25 డాలర్ల చొప్పున వలసదారులకి అమ్ముతారు. ‘కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్’ సినిమా చూసినవాళ్ళకి ఆ తర్వాతి కథ తెలుసు. కాన్సాస్ నుంచి వెళ్ళగొట్టాక ఓసేజ్‌లు కొనుక్కున్న ఓక్లహోమా నేలలోనే చమురు పడింది, ఆ చమురు డబ్బు కోసమే 1920లలో వాళ్ళని చంపారు.

నవల ముగింపు ఇంకోలా ఉంటుంది. వలసదారుల్ని ఖాళీ చేయించడానికి సైనికులు వస్తున్నారని తెలిసి, నాన్న కోపంతో బండి కడతాడు. జీవితచరిత్రకారులు చెప్పేదాని ప్రకారం అసలు కారణం వేరు: విస్కాన్సిన్‌లో వీళ్ళ పాత ఇల్లు కొన్నాయన డబ్బు కట్టలేక ఇల్లు వెనక్కి ఇచ్చేశాడు, అందుకని తిరిగి వెళ్ళారు. చరిత్రలో నేల పోగొట్టుకున్నది ఓసేజ్‌లు. నవలలో ఇల్లు పోగొట్టుకున్నది లారా కుటుంబం. చదివేవాళ్ళ కన్నీళ్ళు ఎవరి కోసం ఖర్చవుతాయో ఆ ఒక్క మార్పే తేల్చేసింది.

అలాగని వైల్డర్ అన్నీ దాచిపెట్టిందనలేం. నాన్న ఒకరోజు పెద్దపిల్లలిద్దర్నీ ఓసేజ్‌లు ఖాళీ చేసిన విడిదికి తీసుకెళ్తాడు. గుడారాల గుంజలు పాతిన గుంటలు, ఆరిపోయిన పొయ్యిలు, దుమ్ములో అడుగుజాడలు. వాటిలో చిన్నపిల్లల పాదాలవీ ఉంటాయి. అక్కాచెల్లెళ్ళు అక్కడ రాలిపోయిన రంగు పూసలు ఏరుకుని, ఇంటికొచ్చి చెల్లికి దండ గుచ్చుతారు. ఎవరో వంట చేసుకున్న చోటు, ఎవరో పిల్లలు పెట్టుకున్న పూసలు. అంటే అది కూడా పిల్లలున్న ఇల్లే. ఓసేజ్‌లు ఏటా అడవిదున్నల వేటకి వెళ్ళి వచ్చేవాళ్ళు. ఈ నేల ఖాళీగా కనబడిందంటే కారణం అది కొంత. ఊరెళ్ళినవాళ్ళ ఇల్లు ఖాళీ ఇల్లు ఎలా అవుతుంది?

ఇంకోచోట, పడుకోబోయే ముందు లారా నాన్నని అడుగుతుంది. ఇది వాళ్ళ ప్రదేశమే కదా, మరి వాళ్ళని వెళ్ళమంటే వాళ్ళకి కోపం రాదా అని. నాన్న జవాబు చెప్పడు. ఇక ప్రశ్నలు చాలు, పడుకోమంటాడు. నా దృష్టిలో పుస్తకం మొత్తానికి కీలకం ఈ చోటే. తలుపు ఎలా చేయాలో, బావి ఎలా తవ్వాలో, కిటికీకి గాజు ఎలా బిగించాలో అన్నీ విడమరిచి చెప్పే నాన్న దగ్గర ఈ ఒక్కదానికే జవాబు లేదు. దాదాపు డెబ్భై ఏళ్ళకి చేరువవుతున్న రచయిత్రి ఆ ప్రశ్నని కొట్టేయకుండా ఉంచింది. జవాబు మాత్రం ఆమె కూడా రాయలేదు.

ఈ అధ్యాయాలు మా అమ్మాయికి తెలుగులో చెబుతూ చదివాను. దానికి ఎనిమిదేళ్ళు. ఇండియన్లు అన్న మాట రాగానే ‘‘అంటే మనమా నాన్నా?’’ అంది. కాదని, కొలంబస్ పొరపాటు సంగతి చెప్పాను. కాసేపాగి, ‘‘మరి వాళ్ళిల్లు ఎవరు కడతారు?’’ అంది. వైల్డర్ నేర్పిన భాషలోనే అడిగింది ఆ ప్రశ్న. ఇల్లు ఎంత కష్టపడితే లేస్తుందో పేజీ పేజీకీ చూసిన పిల్ల కాబట్టే, ఇల్లు పోవడమంటే ఏమిటో దానికి తట్టింది.

అందుకే ఈ పుస్తకం మీద నడిచే వాదంలో రెండు పక్షాలతోనూ నాకు పూర్తిగా కుదరదు. మొదట్లో ఒక చోట, ఆ మైదానంలో మూలవాసులు తప్ప మనుషులే లేరన్న అర్థం వచ్చే వాక్యం ఉండేది. ఒక పాఠకుడి ఉత్తరం తర్వాత, వైల్డర్ ఒప్పుకోలుతోనే, 1953 ముద్రణలో మనుషులు అన్న మాట తీసి వలసదారులు అని మార్చారు. 2018లో అమెరికన్ బాలసాహిత్య గ్రంథాలయ సంఘం ఆమె పేరు మీదున్న పురస్కారం పేరు మార్చింది. సంఘం ఇచ్చే గౌరవానికి ఏ పేరుండాలో సంఘం ఇష్టం, అది సబబే. కానీ పుస్తకాన్నే పిల్లల చేతుల్లోంచి లాగేయాలంటే ఒప్పుకోలేను. లాగేస్తే లారా ప్రశ్న కూడా పోతుంది. ఇక ‘ఆ కాలం అలాంటిది’ అనే సమర్థన అసలు నిలవదు. ఆ నేల ఓసేజ్‌లదని చెప్పిన ఒప్పందం కూడా ఆ కాలానిదే.

నేనైతే దీని పక్కన ఇంకో పుస్తకం పెడతాను. లూయిస్ ఎర్డ్రిక్ రాసిన ‘ది బర్చ్‌బార్క్ హౌస్’, 1999లో వచ్చింది. 1847లో లేక్ సుపీరియర్ మధ్య ఒక దీవిలో ఉండే ఒజిబ్వే పాప ఒమకయస్ కథ. అందులోనూ ఇల్లు కట్టడం ఉంటుంది. ఏటా వేసవికి భూర్జవృక్షం బెరడుతో కొత్త ఇల్లు, చలికాలానికి ఊళ్ళో దుంగల ఇల్లు. అక్కడ తలుపవతల తోడేళ్ళ బదులు మశూచి వస్తుంది. వైల్డర్ దగ్గర నాన్న సాహసంతో ఇల్లు లేస్తే, ఎర్డ్రిక్ దగ్గర అమ్మమ్మకి తెలిసిన సంగతులతో లేస్తుంది. ఏ చెట్టుని అడగాలి, ఎంత తీసుకోవాలి అన్నది ఆమెకి తెలుసు. రెండూ చదివిన పిల్లలకి మైదానం ఇక ఖాళీగా కనబడదు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. నా వయసు ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు నడిచే కల ఇదే: పిల్లలకి మట్టి తెలియాలి, వారాంతానికైనా ఊరి గాలి తగలాలి, హైదరాబాద్‌కి గంట దూరంలో గుంటల లెక్కన ఫామ్ ప్లాటు, అందులో చిన్న ఇల్లు. కోరికలో తప్పేం లేదు, నాకూ ఉంది. బ్రోషర్లో మామిడి మొక్కలుంటాయి, ఈతకొలను ఉంటుంది, మొన్నటిదాకా అక్కడ కంది వేసినవాళ్ళు మాత్రం ఉండరు. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకుండా 1970లో 1/70 నిబంధన తెచ్చుకోవాల్సి వచ్చిందంటే, గడియ తాడు లాగి లోపలికి వెళ్ళినవాళ్ళు మన దగ్గరా తక్కువేం కాదు. కాగితాలు సరిగ్గా ఉన్న చోట కూడా, అమ్మినాయన ఇప్పుడు ఏం చేస్తున్నాడని అడగడం మేకులు లెక్కపెట్టినంత చిన్న పని.

వెళ్ళిపోయేటప్పుడు నాన్న తలుపు మూసి, గడియ తాడు బయటికే వదిలేస్తాడు. ఎవరికైనా నీడ అవసరం పడొచ్చని. చాలా మంచి మనసు. ఆ ఎవరికైనాలో ఎవరెవరు ఉన్నారన్నది పుస్తకం మూశాక పిల్లలతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి. పడుకోమని మాత్రం అనకండి.