కార్డు, కట్ట, కూర్పు: దీర్ఘరచనా సాఫ్ట్‌వేర్‌లు – తెలుగు పరిశోధన రచన

నవల, జీవితచరిత్ర, సిద్ధాంత గ్రంథం వంటి దీర్ఘరచనలను చిన్న చిన్న భాగాలుగా రాసుకొని, వాటిని కావలసిన క్రమంలో అమర్చుకోవడానికి ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్‌లు తెలుగు పరిశోధకుల చేతుల్లోకి కూడా వస్తున్నాయి. వీటిలో విశేష ప్రచారం పొందినది 2007లో విడుదలైన స్క్రివెనర్. ఆ మాటకు అర్థం వ్రాయసకాడు. అయితే వ్రాయసకాడు చెప్పినదాన్ని చెప్పిన వరుసలో రాస్తాడు. ఈ ఉపకరణం ఆ వరుసనే మార్చుకొమ్మంటుంది. దీనిపై జరిగే చర్చ సాధారణంగా సౌకర్యం దగ్గర మొదలై సౌకర్యం దగ్గరే ఆగిపోతుంది. వర్గీకరణ, క్రమం, అన్వయం అనేవి విమర్శ పరిధిలోని విషయాలు గనుక దీన్ని సాహిత్య విద్యార్థి దృష్టితోనూ పరిశీలించవలసి ఉంది.

స్క్రివెనర్‌లో రచన ఒకే పొడవైన పత్రంగా ఉండదు. ఎడమవైపు ‘బైండర్’లో అధ్యాయాలు, వాటి కింద ఉపభాగాలు చెట్టుకొమ్మల వలె ఉంటాయి. ప్రతి భాగానికీ ఒక కార్డు ఉంటుంది. కార్డులను బల్లకు గుచ్చినట్లు ఒకచోట చూసుకొని స్థానాలు మార్చవచ్చు. చివరికి ‘కంపైల్’ అనే ప్రక్రియ వాటిని ఒకే ప్రతిగా కూర్చి ఇస్తుంది. తాటాకుల కట్టతో దీనికి పోలిక చెప్పాలనిపిస్తుంది గాని ఆ పోలిక ఎక్కువ దూరం సాగదు. కట్టలో ఆకు క్రమం తప్పితే అది దోషం. ఇక్కడ క్రమం తప్పించడమే పద్ధతి.

విడి భాగాలకు క్రమం కల్పించడం తెలుగు పరిశోధనకు కొత్త సమస్య కాదు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించినప్పుడు ఎదుర్కొన్నది ఇదే. వేమన పద్యం దేనికది స్వతంత్రం. ముందుపద్యం, వెనుకపద్యం అనే నియమం లేదు. బ్రౌన్ వాటిని నైతికం, మతపరం, వ్యంగ్యం అనే విభాగాల కిందికి తెచ్చి, గ్రంథం పేరులోనే ఆ మాటలను చేర్చాడు. విగ్రహారాధనను ఎగతాళి చేసే పద్యం మతపరమా, వ్యంగ్యమా? ఎక్కడ పెడితే అక్కడి అర్థమే మొదట వినిపిస్తుంది. అంటే వర్గీకరణ పఠనానికి ముందే ఒక వ్యాఖ్యానం చేసేసింది. బైండర్‌లో కొత్త ఫోల్డరు తెరిచి పేరు పెట్టే పరిశోధకుడు చేస్తున్నదీ ఇదే. బ్రౌన్ తన విభాగాలను ముఖపత్రం మీద ప్రకటించాడు గనుక మనం వాటితో వాదించగలం. పరిశోధకుడి ఫోల్డర్లు మాత్రం కంపైల్ అయ్యాక కనిపించవు, అధ్యాయాల పేర్లలో నిగూఢంగా మిగిలిపోతాయి.

దీన్ని క్షేత్రపర్యటన సామగ్రితో మరింత స్పష్టంగా చూడవచ్చు. హైదరాబాదులోని బాలానగర్ పారిశ్రామికవాడలో లేత్ యంత్రాలపై పనిచేసేవారి వృత్తి పదజాలాన్ని సేకరిస్తున్న క్రమంలో ఈ వ్యాసకర్తకు తరచుగా ఎదురయ్యే సందర్భం ఇది. ఊళ్లో కొలిమి మూతపడ్డాక నగరానికి వచ్చిన కార్మికుడు, పనిముట్టుకు ‘సానపట్టడం’ గురించి చెబుతూ ఆ మాటను తండ్రి దగ్గర నేర్చుకున్నానంటాడు. ఆ ఊపులోనే కూలి లెక్కకు వెళతాడు. ఈ మూడూ ఒకే వాక్యంలో ఉంటాయి. దాన్ని ‘పదజాలం’ ఫోల్డరులో పెడితే వలస పోతుంది, ‘వలస’లో పెడితే పదం ఉదాహరణగా చిన్నదైపోతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకే పరిమితమై స్పష్టమైన హద్దు గీసుకుంది. నిఘంటువుకు అది అవసరం. కార్మికుడి కథనానికి ఆ హద్దు సరిపోదు. స్క్రివెనర్‌లో ఒకే భాగాన్ని వేర్వేరు జాబితాల్లో చూపే ‘కలెక్షన్స్’ అనే సదుపాయం ఉంది. నా అభిప్రాయంలో సాహిత్య పరిశోధకుడికి బైండర్ కంటే విలువైనది అదే. ఒకే సామగ్రికి రెండు క్రమాలను పక్కపక్కన నిలిపి ఉంచడానికి అది వీలిస్తుంది.

బాలానగర్‌లోనే 1968లో నెలకొన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. పనిముట్లను తయారుచేసే పనిముట్ల విద్య అక్కడిది. ఆ విద్యలో జిగ్, ఫిక్చర్ అని రెండు ఉంటాయి. ఫిక్చర్ పనిచేయవలసిన ముక్కను కదలకుండా పట్టి ఉంచుతుంది. జిగ్ అంతటితో ఆగక, కోసే పనిముట్టు ఎటు పోవాలో కూడా నిర్దేశిస్తుంది. అందుకే వంద ముక్కలకు వంద రంధ్రాలూ ఒకేచోట పడతాయి. రచనా సాఫ్ట్‌వేర్‌ల విమర్శకు ఈ భేదం ఎంతో ఉపకరిస్తుంది. కార్డుల బల్ల ఫిక్చర్. ముందే సిద్ధంగా దొరికే నవలా మూసలు, సిద్ధాంత గ్రంథ మూసలు జిగ్‌లు. అయితే కవి జీవితం, యుగవిభజన, వస్తువు, శిల్పం, ముగింపు అనే జిగ్ మన విశ్వవిద్యాలయాల్లో కంప్యూటరు రాకముందే ఉంది. దాన్ని సాఫ్ట్‌వేర్ మీదికి నెట్టడం న్యాయం కాదు.

అసలు నష్టం మరోచోట ఉంది. విడివిడిగా రాసిన భాగాల్లో ‘పైన చెప్పినట్లు’, ‘ఇంతకుముందు చూసిన’, ‘ఆ కారణం చేతనే’ వంటి మాటలు ఉంటాయి. కార్డు స్థానం మారగానే ‘పైన’ ఉన్నది కిందికి పోతుంది, ‘ఆ కారణం’ ఏ కారణమో తెలియదు. కంపైల్ ప్రక్రియ ఈ దోషాన్ని గుర్తించదు. తెలుగు వచనంలో వాదం చాలావరకు ఇటువంటి మాటల మీదా, ‘చేసి’, ‘చూడగా’, ‘అయినప్పటికీ’ వంటి అసమాపక రూపాల మీదా నడుస్తుంది. వాటికి భయపడి ప్రతి భాగాన్నీ స్వయంసంపూర్ణంగా రాస్తే, అది వ్యాసాల సంపుటి అవుతుంది గాని సిద్ధాంత గ్రంథం కాదు. విశ్వనాథ సత్యనారాయణ తన నవలల్లో చాలావాటిని ఆశువుగా చెప్పి రాయించారు. ఆ వచనంలో విస్తరణ ఉంది, దారి తప్పడం ఉంది, కాని ముందు వాక్యాన్ని మరచిన వాక్యం అరుదు. ఆశువుగా చెప్పేవారికి క్రమం మార్చే అవకాశం లేకపోవడం కూడా అందుకు ఒక కారణమై ఉండాలి.

భాషకు సంబంధించిన ఇబ్బందులు సాంకేతికంగా చిన్నవే గాని ఫలితంలో చిన్నవి కావు. రోజుకు ఇన్ని పదాలు అనే లక్ష్యం ఆంగ్లానికి పొసగుతుంది. ‘చెప్పవలసివచ్చింది’ ఒక పదమా రెండా అన్నది తెలుగులో రాసేవారి అలవాటును బట్టి ఉంటుంది. లెక్క కూడా అంతే. అన్వేషణ సంగతి ఇంకా తీవ్రం. ‘ఇల్లు’ అని వెతికితే ‘ఇంట్లో’, ‘ఇళ్లకు’ దొరకవు. ‘వ్రాయు’, ‘రాయు’ వేర్వేరుగానే మిగులుతాయి. కీలక పదాలను యాంత్రికంగా వెతికి, దొరకలేదు గనుక కవి ఆ భావాన్ని వాడలేదని తీర్మానించే ప్రమాదం ఇక్కడ పొంచి ఉంది. అను ఫాంట్లలో డి.టి.పి. చేయించిన పాత అధ్యాయాన్నైతే యూనికోడ్‌లోకి మార్చనిదే ఈ ఉపకరణంలో చదవడమే సాధ్యం కాదు.

పాఠపరిష్కర్తలకు ఆసక్తి కలిగించవలసిన సదుపాయం ఒకటి ఉంది. దిద్దుబాటుకు ముందు ఒక భాగం ఎలా ఉందో ‘స్నాప్‌షాట్’ తేదీతో సహా భద్రపరుస్తుంది. బ్రౌన్ పండితులను నియమించి, పలు ప్రతులు సేకరించి, పాఠాంతరాలు గుర్తింపజేశాడు. నేటి రచయిత పాఠాంతరాలు ఆ రచయిత యంత్రంలోనే వరుసగా పేరుకుంటున్నాయి. మన విశ్వవిద్యాలయాలు శోధగంగకు పంపేది మాత్రం తుది ప్రతిని, అదీ కొన్నిసార్లు అక్షరాలను వెతకడానికి వీలులేని బొమ్మల రూపంలో.