తొలి ఆకలికి ముందు

గౌరామి మగచేప నీటిపై కట్టిన నురుగుగూటిలో గుడ్లు పగిలి, పిల్లలు రెండుమూడు దినములు తమ సొనతోనే ప్రాణము నిలుపుకొని, పిమ్మట గూడు విడిచి అడ్డముగా ఈద నారంభించిన నాడు, వాని నోటికి పట్టునంతటి సూక్ష్మజీవులు తొట్టిలో సిద్ధముగా లేనిచో, అంగడిలో ఎంత వెలపెట్టి కొన్న పొడియైనను వానిని కాపాడజాలదు. కదలని దానిని ఆహారముగా గుర్తించుట ఆ పసికూనలలో పెక్కింటికి చేతకాదు; తినక మిగిలిన పొడి క్రుళ్లి నీటిని చెరచును. కావున చేపలను పెంచదలచినవారు వానికి ఆహారమగు ప్రాణులను పెంచుట ముందు నేర్వవలెనని నా దృఢవిశ్వాసము.

ఆ తొలి ఆహారము దుర్లభము కాదు. ఎండు వరిగడ్డిని మరిగించి, చల్లారిన ఆ నీటిలో కొంచెము చెరువునీరు కలిపి నీడపట్టున ఉంచినయెడల, మొదట బాక్టీరియా ప్రబలి నీరు తెల్లబారి కంపుకొట్టును. కొలది దినములకు బాక్టీరియాను భక్షించు ఏకకణజీవులు వృద్ధినొంది, దుర్గంధము తగ్గి, నీరు తేటపడును. చేపపిల్లలకు చుక్కచుక్కగా పోయవలసినది అప్పుడే. 1676లో హాలండులోని డెల్ఫ్ట్ నగరమున లీవెన్‌హుక్ అను పరిశోధకుడు మిరియముల ఘాటునకు హేతువేమో కనుగొనగోరి వానిని నీట నానవైచి, కటకముతో పరికింపగా, ఘాటు మర్మము దొరకలేదు గాని లెక్కకందని ఇట్టి సూక్ష్మప్రాణులు కానవచ్చినవి. మిరపకల్లాల నడుమ పెరిగిన మావంటివారికి ఆ మహనీయుని కుతూహలము ఎంతో ఆత్మీయముగా తోచును.

ఒంగోలునుండి కొత్తపట్నము దిక్కునకు పోవువారికి రొయ్యల చెరువులు పరిచితములే. ఆ చెరువులకు పిల్లను సమకూర్చు హేచరీలయందు రొయ్యపిల్ల మొదట సొనతోను, జోయియా దశలో కీటోసెరాస్ వంటి సూక్ష్మశైవలములతోను, మైసిస్ దశ మొదలుకొని ఆర్టీమియా అను ఉప్పునీటి చిరుజీవి పిల్లలతోను పెరుగును. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్‌లో సేకరించిన ఆర్టీమియా గుడ్లు డబ్బాలకెక్కి లోకమందలి హేచరీలకు చేరుచున్నవి. ఆ విద్యనే ఇంట సీసాలో సాధింపవచ్చును. లీటరు నీటికి 25 గ్రాముల చినగంజాము కల్లుప్పు, చిటికెడు గుడ్లు, ఎయిర్ పంపు గాలి, ఎడతెగని వెలుతురు, 28 డిగ్రీల వేడిమి కూడినచో 24 గంటలలో నారింజవన్నె పిల్లలు వెలువడును. మే మాసపు ఒంగోలులో ఆ వేడిమిని మించనీయకుండుటయే కష్టము. సీసాను ఇంటిలో చల్లని మూల నుంచవలెను. గాలి నిలిపి ప్రక్కనుండి దీపము చూపగా పెంకులు పైకి తేలును, పిల్లలు వెలుగువైపు చేరును. అప్పుడు సన్నని గుడ్డలో వడగట్టి, మంచినీట కడిగి వెంటనే చేపలకు వేయవలెను. జాగు చేసినకొలది పిల్ల తన సొనను తానే ఖర్చుచేసికొని సారహీనమగును.

అయినను నాకు వీనియన్నిటికంటె ప్రియమైనది మొయినా అను చిన్న నీటిపురుగు. ఆడుపురుగు మగతోడు లేకయే సంతానమును కనును. వెచ్చని నీటిలో ఆ సంతానము నాలుగైదు దినములకే తల్లులగును. కుడితి గోలెము వంటి పాత్రలో ఒకటిరెండు దినములు ఎండకు నిలిచి క్లోరిన్ వీడిన కుళాయినీరు, కొంచెము పేడనీరు, వేరుసెనగ చెక్క నానిన తేట ఉన్న చాలును. అయితే పత్తియు మిరపయు పండు మన మెట్టసీమలో ఈ పురుగును పెంచుట నేలనంతటిని చదువుట వంటిది. దీని దగ్గరి చుట్టమైన డాఫ్నియాను 48 గంటలు నీటిలో నుంచి ఆ నీటి విషమును నిర్ణయించుట పరిశోధనశాలలయందు స్థిరపడిన పద్ధతి. అనగా మన కంటికి నిర్మలముగా తోచు నీటిలో పురుగుమందు లేశమున్నను ఇది తట్టుకొనలేదు. మందు కొట్టిన చేనిగట్టు గడ్డి గాని, కడుగని కూరాకు గాని గోలెములో పడరాదు. ఐవర్‌మెక్టిన్ వంటి నట్టలమందు పట్టిన పశువు పేడ మరింత ప్రమాదకరము, ఏలయన ఆ మందు పేడతో వెలికివచ్చి ఈ జాతి జీవులను అత్యల్ప పరిమాణముననే సంహరించును. పేడ అడుగుటకు పోయినప్పుడు పశువు ఏమి మేసినది, ఏ మందు త్రాగినది అని విచారించు అలవాటు నాకు ఇందువలననే కలిగినది. ఆ అలవాటు ప్రతి గృహస్థునకును ఉండదగినదని భావింతును.

మురుగుకాలువల బురదనుండి తెచ్చి అమ్ము ట్యూబిఫెక్స్ పురుగులను నేను దరిచేరనీయను, అవి రోగములను వెంటబెట్టుకొని వచ్చును. డెంగీ భయమున్న పట్టణమున దోమపిల్లలను కోరి పెంచుట అధర్మము; గోలెము మీద సన్నని వల ఎల్లవేళల కప్పియుండవలెను.

మొయినా గుంపు ఎంత త్వరగా పెరుగునో అంత త్వరగా ఒక్కరాత్రిలో నశించుటయు కలదు. కావున రెండవ గోలెము వేరుచోట నుంచుకొనుట, అంతకంటె మేలుగా మరియొక ఇంటివారికి పంచియిచ్చుట అవసరము. ఆహారము కొరవడి, ఇరుకు పెరిగిన వేళ మగపురుగులు పుట్టి, ఆడువి గట్టి పెంకుగల విశ్రాంతిగుడ్లను పెట్టును. అవి ఎండుటకు ఓర్చి, నీరు తగిలినప్పుడు పొదుగును. గోలెము ఎండినచో అడుగు మడ్డిని తోమి పారవేయక, నీడన ఆరబెట్టి కాగితమున పొట్లము కట్టి దాచి, అడిగినవారికి అందులో సగము ఈయవలెను.