ఎముకకూ మర్యాద ఉంది

ములుగు జిల్లా దామరవాయి గుట్టల మీద, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేట పరిసరాల్లో నాలుగు వైపులా బండలు నిలబెట్టి, పైన పెద్ద మూతబండ పరిచిన సమాధులు నేటికీ కనిపిస్తాయి. ఊళ్లలో వాటిని రాక్షసగుళ్లంటారు. పొలాల మధ్య గుండ్రంగా రాళ్లు పేర్చిన చోట్లు చాలావరకు ఈ కోవకు చెందినవే. కట్టింది రాక్షసులు కాదు. ఇనుము వాడకం నేర్చిన మనుషులు, రెండు మూడు వేల ఏళ్ల కిందట, తమ వాళ్ల కోసం కట్టుకున్నవి. లోపల నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు ఉంటాయి. వాటితో పాటు మనిషి ఎముకలూ ఉంటాయి.

కుండ పగిలితే అతికించవచ్చు. సమాధిని మాత్రం ఒక్కసారే చదవగలం. తవ్వడమంటే ఆ అమరికను చెరిపేయడమే. అందుకే పురాతన సమాధుల విషయంలో వృత్తి నియమాలు మొదట చెప్పే మాట ఒకటే: అవసరం లేకపోతే తవ్వవద్దు. రోడ్డో, క్వారీయో, జలాశయమో ఆ చోటును మింగేయబోతున్నప్పుడు, లేదా మరో విధంగా జవాబు దొరకని గట్టి ప్రశ్న ఉన్నప్పుడు మాత్రమే మూతబండ కదపాలి. నాగార్జునసాగర్ నీళ్లు రాబోతున్నాయని తెలిసి 1954 నుంచి నాగార్జునకొండ లోయలో సాగిన తవ్వకాలు అలాంటివే. కొత్తరాతియుగపు సమాధులు, ఆ తర్వాతి పెద్దరాళ్ల సమాధులు అక్కడ బయటపడి, మునిగిపోకముందే రికార్డుకెక్కాయి. చట్టమూ ఈ జాగ్రత్తనే కోరుతుంది. రక్షిత ప్రాంతం కాని చోట రాష్ట్ర ప్రభుత్వం తవ్వకం చేపట్టాలన్నా కేంద్రం ముందస్తు అనుమతి తీసుకోవాలని 1958 చట్టం చెబుతోంది.

మట్టి తీసే తీరు

ఎముక కనిపించిన క్షణం నుంచి పలుగూ పారా పక్కన పెట్టాల్సిందే. ఇనుము తగిలితే మెత్తబడిన ఎముక మీద గీత పడుతుంది. రేపు ప్రయోగశాలలో ఆ గీతను కత్తిగాటుగా పొరబడే ప్రమాదముంది. వెదురు పుల్లలు, చెక్క పనిముట్లు, మెత్తని బ్రష్షులతో మట్టిని పొరలు పొరలుగా తొలగిస్తారు. ఏ ఎముకనూ లాగరు. అస్థిపంజరం మొత్తం బయటపడేదాకా ప్రతిదీ ఉన్నచోటే ఉండాలి. అప్పుడు కొలబద్ద, ఉత్తర దిక్కు గుర్తు పెట్టి ఫొటోలు తీసి, కొలతలతో బొమ్మ గీస్తారు. తల ఏ వైపు ఉంది, మోకాళ్లు ముడుచుకున్నాయా, చెయ్యి ఎక్కడ ఉంది, కుండ ఎముక కిందుందా పైనుందా అన్న వివరాలే ఆ అంత్యక్రియ ఎలా జరిగిందో చెబుతాయి.

పెద్దరాళ్ల సమాధుల్లో ఇంకో చిక్కుంది. చాలాచోట్ల పూర్తి శరీరం ఉండదు. శవాన్ని ముందు మరోచోట ఉంచి, మాంసం పోయాక కొన్ని ఎముకలనే ఏరి తెచ్చి పూడ్చిన సందర్భాలు ఎన్నో. ఒకే గదిలో పలువురి ఎముకలు కలిసి ఉండవచ్చు. అలవాటు లేని కంటికి అది చెల్లాచెదురైన సమాధిలా కనిపిస్తుంది. నిజానికి ఆ కుప్పలో కూడా ఒక క్రమం ఉండవచ్చు. అందుకే ప్రతి ఎముకకూ వేరు నంబరు ఇచ్చి, ఏది దేని మీదుందో రాసుకుంటూ ఒక్కొక్కటిగా తీయాలి.

తీసిన మట్టినీ పారబోయరు. సన్న జల్లెడ పడతారు. పసిబిడ్డల వేలి ఎముకలు, ఊడిన పళ్లు, చెవిలోని చిన్న ఎముకలు అక్కడే దొరుకుతాయి. తుంటి దగ్గరి మట్టిని ప్రత్యేకంగా సంచిలో కడతారు. ఆ మనిషి కడుపులోని పరాన్నజీవుల గుడ్లు అందులో మిగిలి ఉండవచ్చు. సరిపోల్చడానికి తల దగ్గరి మట్టినీ కొంత తీసుకుంటారు.

ఎముక చెప్పేది

ఇంత ఓపిక ఎందుకంటే, ఎముకలో ఒక జీవితం దాగి ఉంటుంది కాబట్టి. పెద్దవాళ్లలో ఆడా మగా అన్నది తుంటి ఎముక ఆకారం తెలుపుతుంది. పిల్లల వయసు పళ్లు వచ్చిన క్రమాన్ని బట్టి తెలుస్తుంది. తొడ ఎముక పొడవు నుంచి ఎత్తును అంచనా కడతారు. పంటి పింగాణి మీది అడ్డగీతలు బాల్యంలో పడిన ఆకలికో జబ్బుకో గుర్తులు. ఆ పింగాణిలోని స్ట్రాన్షియం పుట్టి పెరిగిన నేలను పట్టిస్తుంది. కన్నుమూసిన ఊరూ పుట్టిన ఊరూ ఒకటేనా అన్న ప్రశ్నకు అలా జవాబు దొరకవచ్చు.

డీఎన్ఏ మన వేడి వాతావరణంలో త్వరగా చెడిపోతుంది. హర్యానాలోని రాఖీగఢీ సమాధుల నుంచి అరవైకి పైగా నమూనాలు పరీక్షిస్తే ఒక్క స్త్రీ ఎముకల నుంచే ఫలితం వచ్చింది. అది 2019లో ప్రచురితమైంది. కనుక డీఎన్ఏ కోసం అనుకున్న ఎముకను చేతి తొడుగులు, ముఖానికి మాస్కు లేకుండా తాకరాదు, నీళ్లతో కడగరాదు, జిగురు పూయరాదు. లోపలి చెవి చుట్టూ ఉండే గట్టి ఎముకలో డీఎన్ఏ బాగా నిలుస్తుంది. దాన్ని పొడి చేస్తే మళ్లీ రాదు కాబట్టి ముందే కొలిచి, ఫొటోలూ స్కానూ తీసి, ఎంత అవసరమో అంతే వాడాలి.

ఎవరిని అడగాలి?

శాస్త్రానికి విలువుందని చెప్పి మనుషులను పక్కకు నెట్టిన రోజులున్నాయి. పుర్రెలు కొలిచి జాతులుగా విడగొట్టడానికే ఎముకలు పోగేసిన కాలం ఒకటి నడిచింది. 1989లో అమెరికాలోని సౌత్ డకోటాలో ప్రపంచ పురావస్తు కాంగ్రెస్ వెర్మిలియన్ ఒప్పందం చేసింది. మృతుల శరీరావశేషాలకు గౌరవం, స్థానిక సమాజం కోరికకు గౌరవం, శాస్త్ర విలువకూ గౌరవం అని మూడింటినీ అది పక్కపక్కన నిలిపింది. వాషింగ్టన్ రాష్ట్రంలో 1996లో దొరికిన ‘కెన్నెవిక్ మనిషి’ అనే పురాతన మానవుడి ఎముకల మీద ఆదిమ తెగలకూ శాస్త్రవేత్తలకూ మధ్య ఏళ్ల తరబడి కోర్టు తగాదా నడిచింది. ఆయన అమెరికా ఆదిమ తెగలకే దగ్గరివాడని 2015లో డీఎన్ఏ పరీక్ష తేల్చింది. 2017లో తెగలవాళ్లు ఆయన్ని మళ్లీ మట్టిలో పెట్టారు.

మన రాక్షసగుళ్లలో ఉన్నవాళ్లకు ఫలానా వారసులని చెప్పుకునే కుటుంబాలు లేవు. అంతమాత్రాన అడిగేవాళ్లు లేరనుకోకూడదు. ఆ చుట్టుపక్కల గూడేలు, ఊళ్లు తరతరాలుగా ఆ రాళ్లను కదపకుండా కాచాయి. తవ్వేముందు గ్రామసభలో ఏం చేయబోతున్నారో చెప్పాలి. ఎముకలు ఎక్కడికి పోతాయో, ఎవరి అధీనంలో ఉంటాయో వివరించాలి. పని జరుగుతున్నప్పుడు పుర్రెతో సెల్ఫీలు, ఫేస్‌బుక్‌లో ప్రదర్శనలు ఉండకూడదు. పని ముగిశాక దొరికిన సంగతులు ఆ ఊరివాళ్లకు తెలుగులో చేరాలి.

పొలం దున్నుతుంటేనో, పునాది తీస్తుంటేనో ఎముకలు బయటపడితే చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. పని ఆపాలి. దేన్నీ కదపకూడదు. పోలీసులకూ రెవెన్యూ అధికారులకూ చెప్పాలి. ఈ కాలపు ఎముకలు కావని తేలితే పురావస్తు శాఖ వచ్చేదాకా పైన గుడ్డ కప్పి, ఎండా వానా తగలకుండా చూడాలి.

తవ్విన ఎముకలను పెట్టెల్లో పడేసి, నివేదిక రాయకుండా వదిలేయడం ఈ వృత్తిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. అప్పుడు ఆ మనిషికి సమాధీ ఉండదు, చరిత్రా ఉండదు. మూతబండ ఎత్తేవాళ్లు ఆ చివరి పేజీ దాకా రాసే బాధ్యతనూ అప్పుడే ఎత్తుకోవాలి. అది చేతకాదనుకుంటే బండను ఉన్నచోటే ఉంచాలి.