పట్టికలో ముందున్నవాడు

"గుర్రం మీద పెట్టకుండ మనిషి మీద పెడ్తవేందిరా?" అని మా చిన్నాయన ఫోన్‌లో నవ్వుతాడు. మలక్‌పేట రేసుకోర్సుకు ఆయన పాత కాపు. చేతిలో రేసు బుక్కు, చెవిలో ఎవరో ఊదిన టిప్పు, గుర్రాలు గీత దాటిన రెండు నిమిషాలకు సంతోషమో సణుగుడో. ఆయనకు తెలిసిన పందెం అది. ఇంగ్లండ్ వచ్చాక నాకు అలవాటైంది వేరు. గుర్రాలు అడ్డంకులు దూకుతూ పరుగెత్తే జంప్ రేసుల సీజన్ ఇక్కడ ఏప్రిల్ చివర్లో ముగుస్తుంది. ఆ సీజన్ మొత్తానికి ఛాంపియన్ ట్రైనర్ ఎవరవుతారన్నదాని మీద ఏటా ఓ పది పౌండ్లు కాస్తాను. పోయినా ఇంట్లో ఎవరూ అడగని డబ్బు. తేలాలంటే మాత్రం నెలల తరబడి ఆగాలి.

చిన్నాయనకు ముందు మింగుడుపడనిది లెక్క. మన దగ్గర ఎక్కువ రేసులు గెలిపించిన ట్రైనర్‌దే పైచేయి. బ్రిటన్‌లో గెలుపులు లెక్కపెట్టరు, ప్రైజ్ మనీ కూడతారు. రెండు, మూడు స్థానాలకు వచ్చిన డబ్బు కూడా అందులో కలుస్తుంది. ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో ట్రైనర్ డాన్ స్కెల్టన్‌ను చూస్తే తెలుస్తుంది. 2018-19 సీజన్‌లో అతని గుర్రాలు 200కు పైగా రేసులు గెలిచాయి. జంప్ రేసుల్లో అంతకుముందు అది సాధించింది మార్టిన్ పైప్ ఒక్కడే. అయినా ఆ ఏడు ఛాంపియన్ కిరీటం పాల్ నికల్స్‌కు వెళ్లింది. స్కెల్టన్ ఏళ్ల తరబడి అసిస్టెంటుగా పని నేర్చుకున్నది ఆ నికల్స్ దగ్గరే.

డబ్బు సీజన్ పొడుగునా సమంగా పరుచుకుని ఉండదు. వారం మధ్యలో ఏదో చిన్న కోర్సులో మామూలు రేసు గెలిస్తే నాలుగైదు వేల పౌండ్లు వస్తాయి. ఏప్రిల్‌లో ఎయింట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ గెలిస్తే 5 లక్షల పౌండ్లు. చలిలో, బురదలో వంద రేసులు గెలిచి ఒకరు కూడబెట్టింది, ఇంకొకరికి ఒక శనివారం సాయంత్రం పది నిమిషాల్లో వచ్చి పడుతుంది. మార్చిలో చెల్టెనమ్, ఏప్రిల్‌లో ఎయింట్రీ, ఆ వెంటనే స్కాటిష్ గ్రాండ్ నేషనల్, ఆఖరి రోజు సాండౌన్. పెద్ద సొమ్మంతా ఈ ఆరేడు వారాల్లోనే ఉంటుంది. జనవరి పట్టిక చూసి ఛాంపియన్‌ను తేల్చేయడమంటే కోతలు కాకముందే గాదె కొలవడం. అందుకే నా నోటుబుక్కులో ఎవరు ఎంత సంపాదించారన్నది ఒక మూలన ఉంటుంది. ఇంకా ఎంత డబ్బు మిగిలి ఉంది, దాన్ని గెలవగల గుర్రాలు ఎవరి దగ్గర ఉన్నాయన్నది పేజీ నిండా ఉంటుంది.

ఇంతవరకూ కూడికలు, తీసివేతలు వస్తే చాలు. పందెం అసలు కష్టం విలీ మలిన్స్ దగ్గర మొదలవుతుంది. ఐర్లండ్‌లోని కార్లో కౌంటీలో అతని గుర్రపుశాల. అక్కడి ఛాంపియన్ పదవి ఏళ్లుగా అతని ఇంట్లోనే ఉంది. బ్రిటన్ పట్టికలో శీతాకాలమంతా అతని పేరు ఎక్కడో కింద ఉంటుంది. చెల్టెనమ్ వచ్చేసరికి లారీల నిండా గుర్రాలు దిగుతాయి. 2024లో అతని గుర్రాలు ఐ యామ్ మాక్సిమస్ గ్రాండ్ నేషనల్‌ను, మక్‌దారా స్కాటిష్ నేషనల్‌ను గెలిచాయి. ఐర్లండ్ నుంచి గుర్రాలను తెచ్చి బ్రిటన్ జంప్ ఛాంపియన్ కావడం 1953-54లో విన్సెంట్ ఓబ్రయన్ తర్వాత మళ్లీ అప్పుడే జరిగింది. మరుసటి ఏడాది ఇంకా విడ్డూరం. సీజన్‌లో చాలాకాలం స్కెల్టన్ లక్షల పౌండ్ల ఆధిక్యంలో ఉన్నాడు. గ్రాండ్ నేషనల్‌లో మొదటి మూడు స్థానాలూ మలిన్స్ గుర్రాలవే అయ్యాయి. గెలిచిన నిక్ రాకెట్ మీద ఉన్నది అతని కొడుకు పాట్రిక్. ఆ ఒక్క రేసు నుంచే 8 లక్షల పౌండ్లకు పైగా మలిన్స్ ఖాతాలో పడింది. చివరి రోజు సాండౌన్‌లో కిరీటం మళ్లీ మలిన్స్‌దే అయింది.

ఇదంతా చదివి మలిన్స్ మీద కళ్లు మూసుకుని కాయొచ్చని అనుకునేవాళ్లకు 2016 గుర్తుచేస్తాను. ఎయింట్రీ అయ్యేసరికి అప్పుడూ అతనే ముందున్నాడు. స్కాటిష్ నేషనల్‌లో నికల్స్ గుర్రం విసెంటే గెలిచి అతన్ని నిలబెట్టింది. చివరి రోజు లెక్క తేలాక ఛాంపియన్ నికల్సే. గుర్రాల బలం చూస్తే ఆ ఏడు మలిన్స్‌కు తక్కువేమీ లేదు.

ఇక్కడే ఈ పందెం నన్ను పట్టుకుంది. సాండౌన్ ఆఖరి రోజు శనివారం వస్తుంది. ఆ వచ్చే మంగళవారం ఐర్లండ్‌లో పంచెస్‌టౌన్ రేసుల ఉత్సవం మొదలవుతుంది. శనివారం ఇంగ్లండ్‌లో పరుగెత్తిన గుర్రం మూడు రోజుల్లో సముద్రం దాటి మళ్లీ అదే ఊపుతో పరుగెత్తలేదు. అంటే బ్రిటన్ కిరీటం కోసం తెచ్చే ప్రతి మంచి గుర్రం సొంతగడ్డ మీద పోగొట్టుకునే ఒక అవకాశం. యజమానులు ఒప్పుకోవాలి, నేల మెత్తగా ఉండాలి, అక్కడ పోటీదారు ఎంత దగ్గరగా ఉన్నాడో చూసుకోవాలి. కాబట్టి ట్రైనర్‌కు గెలిచే సత్తా ఉందా అన్న ప్రశ్నతో పని తీరదు. ఈ ఏడు ఆయనకు ఈ కిరీటం కావాలా అన్నదే తేలాలి. గుర్రం ఫామ్ రేసు బుక్కులో అచ్చవుతుంది. మనిషి కోరిక ఎక్కడా అచ్చవదు. దానికి దగ్గరి జాడ ఎంట్రీలు. వారం మొదట్లో బయటికొచ్చే ఎంట్రీల్లో, ఎప్పుడూ పంపని చిన్న హ్యాండిక్యాప్ రేసులకు కూడా ఒక ట్రైనర్ నాలుగైదు గుర్రాల పేర్లు ఇస్తే, నాలుగో స్థానం డబ్బు కూడా వదలదల్చుకోలేదని అర్థం.

గుర్రాలు చేతులు మారడం కూడా చూడాలి. 2016 సెప్టెంబర్‌లో, శిక్షణ ఫీజు దగ్గర మాట కుదరక, రయనెయిర్ అధిపతి మైకేల్ ఓలియరీకి చెందిన గిగిన్స్‌టౌన్ సంస్థ మలిన్స్ దగ్గరున్న తన 60 గుర్రాలను తీసుకెళ్లిపోయింది. వాటిలో చాలా ఐర్లండ్‌లోనే మరో ట్రైనర్ గోర్డన్ ఎలియట్ దగ్గరికి చేరాయి. ఐర్లండ్ కిరీటం ఈసారి ఎలియట్‌దేనని అందరూ అన్నారు. 2017 పంచెస్‌టౌన్ ముందు అతని ఆధిక్యం 4 లక్షల యూరోలు దాటింది. ఉత్సవం ముగిసేసరికి పైన ఉన్నది మలిన్స్. పోయిన 60 గుర్రాలను అందరూ లెక్కపెట్టారు, మిగిలినవాటిని లెక్కపెట్టినవాళ్లు తక్కువ.

బుకీ ఇవన్నీ ఎరిగినవాడే. ఒక ట్రైనర్ మీద 4/1 ఇస్తున్నాడంటే పది పౌండ్లకు నలభై లాభం, అంటే ఆ ట్రైనర్‌కు అయిదింట ఒక వంతు అవకాశం ఉందని బుకీ లెక్క. బరిలో ఉన్న అందరి ధరలనూ ఇలా శాతాల్లోకి మార్చి కూడితే మొత్తం 100 దాటుతుంది. దాటినదంతా బుకీ కూలి. పైగా మన డబ్బు నెలల తరబడి వడ్డీ లేకుండా అతని దగ్గరే ఉంటుంది. ఏప్రిల్ దాకా ఆగి, అంతా తేటపడ్డాక కాద్దామంటే అప్పటికి ధర చిక్కిపోయి ఉంటుంది. తొందరపడితే తెలియనితనానికి మూల్యం, ఆగితే తెలిసినతనానికి మూల్యం. ఈ రెంటిలో నేను మొదటిదే ఎంచుకుంటాను. ఆఖరి వారంలో 1/5 ధరకు కాసేవాడు అందరికీ తెలిసినదాన్నే కొనుక్కుంటున్నాడు. అందులో తన బుర్రకు పనేముంది?

మలిన్స్ కిరీటం గెలిచిన ప్రతిసారీ బెట్టింగ్ షాపులో ఒక వాదన వినిపిస్తుంది. ఏడాదంతా ఇక్కడ పనిచేసినవాణ్ని పక్కనబెట్టి, ఆరు వారాలకు వచ్చినవాడికి కిరీటమా అని. స్కెల్టన్ శ్రమ చూసినవాళ్లకు ఆ బాధ న్యాయంగానే తోస్తుంది. కానీ అందులో సగం గొంతులు స్కెల్టన్ మీద డబ్బు పెట్టినవాళ్లవి. కొలమానం పౌండ్లేనని సీజన్ మొదటి రోజే అందరికీ తెలుసు. పెద్ద పౌండ్లు ఏ వారంలో ఉన్నాయో క్యాలెండర్‌లో అచ్చయి ఉంది. శ్రమకు బహుమతి ఇవ్వాలంటే గెలుపులు లెక్కపెట్టే పట్టిక పెట్టుకోవాలి, అప్పుడు దాని మీద కాద్దాం. ఉన్న పట్టిక మీద పందెం కాసి, లేని పట్టిక ప్రకారం గెలిచామనుకోవడం మాత్రం కుదరదు. మా చిన్నాయనకు ఇది చెబితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "రూలు తెల్వకుండ పైస పెడితే, పోయేది గుర్రం తప్పు గాదు."